స్తంభానికి చెవి ఆనించినవాడు తెలివితక్కువవాడా?

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు పక్కన ఒకప్పుడు తంతి స్తంభాలు వరసగా ఉండేవి. చిట్యాలలో బడి విడిచిపెట్టాక మేము, అంటే నా ఈడు పిల్లలం, ఆ స్తంభాలకు చెవి ఆనించి నిలబడేవాళ్లం. లోపలి నుంచి సన్నగా ఒక మోత వినిపించేది. ఒక్కోసారి హెచ్చేది, ఒక్కోసారి తగ్గేది. అది తీగల్లో పోతున్న మాటలేనని మా గట్టి నమ్మకం. హైదరాబాదులో ఎవరో సేటు బెజవాడ సేటుతో బేరం మాట్లాడుతున్నాడని, మాటలు మరీ తొందరగా పోతున్నందువల్ల మనకు విడివిడిగా తెలియడం లేదని మాలో ఒకడు వివరణ కూడా ఇచ్చాడు. ఆ వివరణ మాకు ఎంతో నచ్చింది.

ఒకరోజు ఈ సంగతి తరగతిలో చెబితే సారు నవ్వాడు. సారు నవ్వగానే తరగతి అంతా నవ్వింది. "తీగల మాటలు పోవురా, కరెంటు పోతది" అని చెప్పి ఆయన పాఠంలోకి వెళ్లిపోయాడు. మరి మేము విన్న ఆ మోత ఏమిటి? అది మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే మళ్లీ నవ్వుతారేమోనని మేమూ అడగలేదు.

ఆ మోత నిజమైనదే. తీగకు అడ్డంగా గాలి వీచినప్పుడు, తీగ వెనుకవైపున గాలి చిన్న చిన్న సుడులుగా విడిపోతుంది. పైనుంచి ఒక సుడి, కిందినుంచి ఒక సుడి, మళ్లీ పైనుంచి, ఇట్లా వంతులవారీగా. ప్రతి సుడీ తీగను కొద్దిగా కుదుపుతుంది. సెకనుకు ఎన్ని కుదుపులో ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, వచ్చినదానిలో ఐదో వంతు తీసుకోవాలి. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తున్నదనీ, తీగ మందం 3 మిల్లీమీటర్లనీ అనుకుంటే సెకనుకు 330 పైచిలుకు కంపనాలు వస్తాయి. మనుషుల గొంతు పలికే స్వరాలు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి! అందుకే అది మాకు ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

అంటే మా చెవులు మమ్మల్ని మోసం చేయలేదన్నమాట. విన్నది నిజం, దాని మీద కట్టిన ఊహ తప్పు. గాలి లేని రోజున కూడా మోత వస్తున్నదా, చూసి రండి అని ఎవరైనా ఒక్క మాట అని ఉంటే ఆ తప్పును మేమే పట్టుకునేవాళ్లం. నవ్వి ఊరుకోవడంవల్ల మాకు తెలిసింది ఒక్కటే: ఇలాంటివి బయటికి చెప్పకూడదు.

ఇప్పుడు ఆ తీగలు లేవు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ కూడా 2013 జూలైలో ముగిసింది. ఇప్పుడు మీ చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అయితే సమాచార ప్రసారం గురించిన పొరపాటు ఊహలు పోయాయా అంటే, పోలేదు. రూపం మార్చుకున్నాయి. వాటి విషయంలో పెద్దలు చేస్తున్న పని కూడా మారలేదు. నవ్వడం, లేదా ఎర్రసిరాతో కొట్టివేసి సరైన జవాబు బట్టీ పట్టించడం. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. ఎందుకో మీతోనే ఒక చిన్న పని చేయించి చెబుతాను.

మీ అమ్మ చిట్యాల బస్టాండులో నిలబడి, నల్లగొండలో ఉన్న మీ మేనమామకు సెల్‌ఫోన్ చేసిందనుకోండి. ఆమె మాట ఏ దారిన పోయి ఆయన చెవిని చేరుతుంది? వ్యాసాన్ని ఇక్కడ ఆపి, ఒక కాగితం మీద ఆ దారి బొమ్మ గీయండి. గీసిన తర్వాతనే ముందుకు చదవండి.

గీశారా? మీలో చాలామంది బొమ్మలో పైన ఆకాశంలో రెండు రెక్కల ఉపగ్రహం ఉంటుందని నేను పందెం కాయగలను. అమ్మ ఫోన్ నుంచి ఒక గీత పైకి, ఉపగ్రహం నుంచి ఒక గీత కిందికి, మామయ్య ఫోన్ దాకా. కొందరు మధ్యలో ఒక టవరు కూడా గీసి ఉంటారు. ఆ టవరు నుంచి గీత మళ్లీ ఆకాశానికే పోతుంది.

ఇది తప్పు. కాని తెలివితక్కువ తప్పు కాదు. ఇంటింటి కప్పు మీద ఆకాశం వైపు తిరిగి ఉన్న టీవీ పళ్లాలను మీరు చూస్తున్నారు. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచిన ప్రతిసారీ 'సమాచార ఉపగ్రహం' అన్న మాట వింటున్నారు. ఫోన్‌లో పటం తెరిస్తే మీరు ఏ వీధిలో ఉన్నారో ఉపగ్రహాల సాయంతోనే తెలుస్తుంది. పైగా మన ప్రాంతానికి ఉపగ్రహం కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, దేశంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. కోళ్లగూటికి వాడే జాలీ వంటి వలతో చేసిన పదడుగుల పళ్లెం, దాని పక్కన ఒక టీవీ పెట్టె. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో గాని మొదలు కాలేదు. అంటే పాలమూరు పల్లెలు కొన్ని రాజధాని కంటే ముందే టీవీ చూశాయి! ఇన్ని ఆధారాలు కళ్ల ముందు ఉండగా ఉపగ్రహం గీయడమే సహజం. గీయనివాడే ఆశ్చర్యపరుస్తాడు.

అయితే ఈ ఆధారాలలో ఒక పోలిక ఉంది, గమనించారా? టీవీ గాని, స్థానం చెప్పే ఉపగ్రహాలు గాని ఒకవైపు మాత్రమే పనిచేస్తాయి. పైనుంచి కిందికి వాన కురిసినట్టు ఒకే సంకేతం అందరి మీదా పడుతుంది. మీ పళ్లెం తిరిగి ఒక్క మాట కూడా పైకి పంపదు. ఫోన్ అలా కాదు. ప్రతి ఒక్కరూ పంపాలి, ప్రతి ఒక్కరికీ వారి మాట వారికే రావాలి. మీ జేబులోని 4జీ ఫోన్ పంపే శక్తి ఎక్కువలో ఎక్కువ ఒక వాటులో ఐదో వంతు. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే చిన్న బల్బు కూడా దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. టీవీ ఉపగ్రహం ఉండే ఎత్తు సుమారు 36,000 కిలోమీటర్లు. ఇంత చిన్న గొంతుతో అంత దూరం పిలవడం ఎట్లా?

మరి అసలు దారి ఏది? అమ్మ ఫోన్ ఆమె మాటను అంకెలుగా మార్చి, రేడియో తరంగాల మీద దగ్గరలో ఉన్న టవరుకు పంపుతుంది. పట్టణంలో అయితే ఆ దూరం మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు. ఆకాశయానం చాలావరకు అక్కడితో సరి. టవరు అడుగున ఉన్న పెట్టెల నుంచి ఆ అంకెలు భూమిలో పాతిన గాజు తంతువులోకి దిగుతాయి. తంతువు లేనిచోట, టవరు మీద డోలు ఆకారంలో కనిపించే యాంటెన్నా వాటిని సూటిగా మరో టవరుకు అందిస్తుంది. అక్కడి నుంచి హైదరాబాదు వంటి పెద్ద నగరంలోని స్విచ్ కేంద్రానికి పోతాయి. మామయ్య ఫోన్ ఇప్పుడు ఏ టవరు కింద ఉన్నదో ఆ కేంద్రం చూసుకుని, నల్లగొండ టవరుకు మళ్లిస్తుంది. చివరి కిలోమీటరు మళ్లీ గాలిలో. అంటే దక్షిణాన ఉన్న నల్లగొండకు పోవలసిన మాట పడమరన ఉన్న హైదరాబాదు వెళ్లి తిరిగి రావచ్చు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు ఫోన్ చేసుకున్నా ఇంతే. మాట మోచేతి దూరం దాటడానికి నగరం దాకా పోయి వస్తుంది!

నేను చెప్పానని దీన్ని నమ్మకండి. పరీక్షించే మార్గం ఉంది. బడిలో కంప్యూటరుకు నెట్ ఉంటే, ఆదేశాలు టైపు చేసే నల్లని కిటికీ తెరిచి 'పింగ్' అనే ఆదేశం, దాని పక్కన ఏదైనా ఒక సైటు చిరునామా ఇవ్వండి. మీ కంప్యూటరు అక్కడికి ఒక చిన్న పిలుపు పంపి, 'ఓయ్' అని జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. కొన్ని సైట్లు పింగ్‌కు జవాబు ఇవ్వవు. అప్పుడు మరొకటి చూడండి.

ఇక లెక్క. పిలుపు 36,000 కిలోమీటర్లు పైకి పోవాలి, అంతే దూరం కిందికి రావాలి. జవాబూ అట్లాగే పైకి పోయి కిందికి రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. భాగించండి. 0.48 సెకను, అనగా 480 మిల్లీసెకన్లు. అంతకంటే త్వరగా జవాబు రావడానికి వీలే లేదు. మీ తెర మీద 20 అనో, 50 అనో వచ్చిందా? అయితే ఆ పిలుపు ఆ ఉపగ్రహం దాకా వెళ్లనే లేదు. చూడండి, పెద్ద పరికరమేదీ లేకుండా, ఏడో తరగతి లెక్కతో ఆకాశంలోని ఒక వస్తువును బొమ్మలోంచి తీసివేశాం.

ఇక్కడ ఒక నిజాయితీ మాట చెప్పాలి. ఈ పరీక్ష ఎత్తయిన ఉపగ్రహాలను మాత్రమే తీసివేస్తుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వేలాది చిన్న ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వంటి ఏర్పాట్లు కూడా వచ్చాయి. వాటి ఎత్తు తక్కువ కనుక ఆలస్యమూ తక్కువే; మన లెక్క వాటిని పట్టుకోలేదు. కాని వాటికి ఇంటి మీద ప్రత్యేకమైన పళ్లెం కావాలి. బడి కప్పు మీద అది లేదని మీరే చూసి చెప్పవచ్చు.

సరే, ఆ గాజు తంతువు ఎక్కడ ఉన్నది? మీ కాళ్ల కిందనే. పెద్ద రోడ్డు అంచున నడిచేటప్పుడు, కింద కేబుల్ ఉన్నది, తవ్వకండి అని హెచ్చరించే చిన్న రాళ్లు, పలకలు కనిపిస్తాయి. రైలుపట్టాల వెంట కూడా తంతువులు పరిచి ఉన్నాయి; ఆ పని కోసమే 2000లో రైల్‌టెల్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. తంతువు మొత్తం మందం ఒక మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు పోయే నడిమి భాగం అందులోనూ పద్నాలుగో వంతు మాత్రమే. సంపూర్ణాంతర పరావర్తనం పాఠంలో మీరు గీసే ఆ విరిగే కిరణమే ఇక్కడ అమ్మ మాటను మోస్తున్నది. మంచి తంతువులో 15 కిలోమీటర్లు పోయినా వెలుతురులో సగం మిగిలే ఉంటుంది. చిట్యాల నుంచి హైదరాబాదు సుమారు 80 కిలోమీటర్లనుకుంటే, అక్కడికి చేరేసరికి నలభయ్యో వంతు మిగులుతుంది. అది చాలు. 80 కిలోమీటర్ల మందం ఉన్న కిటికీ అద్దంలోంచి ఏమైనా కనబడుతుందా, ఊహించండి! (ఆ వెలుతురు కంటికి కనిపించని పరారుణ కాంతి. ఎక్కడైనా తెగిన తంతువు కనబడితే దాని కొనలోకి తొంగి చూడకండి. ఏమీ కనబడదు గాని కంటికి హాని జరగవచ్చు.)

దేశం దాటి పోయేటప్పుడు కూడా ఆకాశం పాత్ర చాలా తక్కువ. ఖండాల మధ్య పోయే సమాచారంలో దాదాపు అంతా సముద్రం అడుగున పరిచిన కేబుళ్ల ద్వారానే పోతున్నది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తీరం దగ్గర రెండు కేబుళ్లు తెగితే, ఇంత దూరాన మన దేశంలో ఇంటర్నెట్ మందగించింది. ఉపగ్రహాలు ఎప్పటిలాగే తిరుగుతూనే ఉన్నాయి.

"ఉపగ్రహం అనుకుంటే మాత్రం నష్టమేమిటి సార్? ఫోన్ పనిచేస్తున్నది కదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నష్టం ఉన్నది.

2020లో కరోనా వల్ల బడులు మూసి ఉన్నప్పుడు, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. టీ-శాట్ చానెళ్ల ద్వారా, దూరదర్శన్ యాదగిరి ద్వారా అవి వచ్చేవి. ఆ పాఠాలు నిజంగా ఉపగ్రహం నుంచే దిగాయి. పళ్లెం ఉన్న ప్రతి ఇంటికీ, కొండ వెనుక ఉన్న తండాకైనా, అవి ఒకేలా అందాయి. ఫోన్‌లో పాఠం వినవలసిన వారి సంగతి వేరు. దేవరకొండ వైపు తండాల్లో, నల్లమల అంచు పల్లెల్లో పిల్లలు సిగ్నల్ కోసం మిద్దె ఎక్కారు, గుట్ట ఎక్కారు. పైన ఆకాశం అందరికీ ఒకటే కదా, మరి మాకే ఎందుకు రావడం లేదు? నెట్ ఆకాశం నుంచి వస్తుందని నమ్మినవాడికి ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మా ఫోన్ మంచిది కాదు, మా అదృష్టం మంచిది కాదు, అని ఊరుకుంటాడు. ఆకాశాన్ని ఎవరు నిలదీస్తారు? నెట్ కందకంలోంచి వస్తుందని తెలిసినవాడు మాత్రం ఒక సూటి ప్రశ్న వేయగలడు. కందకం ఎక్కడిదాకా తవ్వారు? ఎక్కడ ఆపారు?

ఇది ఉత్త మాట కాదు. అన్ని గ్రామ పంచాయతీలకూ కాంతి తంతువు చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. భారత్‌నెట్ అని ఇప్పుడు పిలుస్తున్నది దానినే. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటింటికీ మంచినీరు ఇవ్వడానికి తలపెట్టిన మిషన్ భగీరథకు 2015లో మన పక్కనే చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. ఆ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే తంతువు పోయే గొట్టం కూడా వేయాలన్నది టీ-ఫైబర్ ఆలోచన. ఒకే కందకంలో నీళ్లు, మాటలు! ఆ తంతువు మీ ఊళ్లో ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది వెళ్లి చూసి, కొలిచి, అడిగి తెలుసుకోదగిన విషయం.

ఇటువంటి నష్టమే ఫోన్ తెర మీది గీతల విషయంలోనూ జరుగుతుంది. గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రావడం లేదు. కనుక ఫోన్ చెడిపోయింది అని రిపేరు దుకాణానికి పరుగెత్తుతారు. ఆ గీతలు చెప్పేది మీ ఫోన్‌కూ టవరుకూ మధ్య ఉన్న మొదటి కిలోమీటరు సంగతి మాత్రమే. టవరు వెనుక ఏ జేసీబీయో మట్టి తవ్వుతూ తంతువును తెంపితే గీతలకు తెలియదు. వైఫై సంగతీ అంతే. అది ఇంట్లో పెట్టెకూ ఫోన్‌కూ మధ్య నాలుగు గోడల బంధం. దానికి ఇంటర్నెట్ అని పేరు పెట్టడం, కుళాయిని చూపించి ఇదే కృష్ణానది అన్నట్టు ఉంటుంది.

'క్లౌడ్' అనే మాట మరీ అన్యాయం చేసింది. మేఘం అని పేరు పెట్టి, ఫొటోలన్నీ ఆకాశంలో దాచుకున్నట్టు నమ్మించింది. పింగ్‌ను మళ్లీ గుర్తు చేసుకోండి. గాజులో వెలుతురు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అమెరికా ఎంత దగ్గర దారిన అయినా 13,000 కిలోమీటర్లకు తక్కువ ఉండదనుకుంటే, పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు కావాలి. జవాబు 20 మిల్లీసెకన్లలో వచ్చిందంటే అది అమెరికా నుంచి రాలేదు. ఇక్కడే ఎక్కడో ఒక నకలు ఉంచారన్నమాట. హైదరాబాదు చుట్టుపక్కల పెద్ద పెద్ద డేటా కేంద్రాలు వెలిశాయి. అమెజాన్ సంస్థ తన హైదరాబాదు కేంద్రాలను 2022 నవంబరులో ప్రారంభించింది. మేఘం అంటే ఇదే: కిటికీలు లేని గోదాముల్లాంటి కట్టడాలు, వరుసలు వరుసలుగా కంప్యూటర్లు, వాటిని చల్లబరచే యంత్రాలు, ఎడతెగని కరెంటు. చిట్యాల నుంచి బస్సెక్కి పోయి ఆ మేఘం ప్రహరీగోడను తాకి రావచ్చు; కాపలా ఆయన ఊరుకుంటే.

వేగం గురించి కూడా ఒక మాట. 4జీ కంటే 5జీ తరంగాలు వేగంగా పరుగెడతాయని మీలో చాలామంది అనుకుంటారు. రేడియో తరంగాలన్నీ ఒకే వేగంతో పోతాయి. పేరులో అంకె మారితే ప్రకృతి నియమం మారదు. మారేది సెకనుకు ఎన్ని అంకెలు మోయగలదన్నది. మన పెద్ద రోడ్డు రెండు వరుసల నుంచి నాలుగు వరుసలయింది. బస్సు వేగం మునుపటిదే అనుకున్నా గంటకు పోయే ప్రయాణికుల సంఖ్య పెరుగుతుంది. (నిజానికి బస్సులూ వేగం పెంచాయి, కనుక నా పోలిక అక్కడ కుంటుతున్నది. పోలికలు ఎక్కడ కుంటుతాయో చూసుకోవడం కూడా ఒక విద్యే.) 5జీలో జవాబు కాస్త త్వరగా రావడానికి కారణం, సంకేతం తన వంతు కోసం వేచి ఉండే సమయాన్ని తగ్గించడం. అట్లాగే ప్రకటనల్లో 100 మెగాబిట్లు అన్నప్పుడు 8తో భాగించండి. మీకు సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లు. దుకాణాల్లో ఈ లెక్క చెప్పరు.

అన్నిటికంటే కష్టంగా మనసుకెక్కే సంగతి మరొకటి. పంపిన ఫొటో ఒక వస్తువులాగా మొత్తంగా ప్రయాణం చేస్తుందని అనుకుంటాం. అలా కాదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద చిరునామా, వరస సంఖ్య రాసి పంపుతారు. ముక్కలు వేరు వేరు దారుల్లో పోవచ్చు, వెనుకా ముందుగా చేరవచ్చు. దీనికి విదేశీ పోలికలు వెతకనక్కరలేదు. పోచంపల్లి, పుట్టపాక మనకు దగ్గరే. ఇక్కత్ నేతలో రంగులు బట్ట మీద అద్దరు. నేయకముందే నూలుకు కట్లు కట్టి అద్దకం వేస్తారు. విడిగా ఒక పోగును పట్టుకుని చూస్తే అక్కడక్కడ ఎరుపు, అక్కడక్కడ తెలుపు, అర్థం ఏమీ ఉండదు. సరైన వరసలో పడితే మగ్గం మీద ఏనుగు, చిలుక లేచి నిలబడతాయి. మీ ఫొటో కూడా అవతలి ఫోన్ మగ్గం మీద అట్లాగే లేస్తుంది. తేడా ఒక్కటే. పోగు తెగితే నేతగాడు ముడి వేసుకోవాలి. ఇక్కడ ముక్క తప్పిపోతే అవతలి కంప్యూటరు 'ఫలానా సంఖ్య ముక్క రాలేదు, మళ్లీ పంపు' అని అడుగుతుంది.

ఇప్పుడు మన పాఠాల సంగతి చూడండి. కంప్యూటరు పాఠంలో నెట్‌వర్క్ అనగానేమి అని ఒక ప్రశ్న, లాన్, మాన్, వాన్ పూర్తి రూపాలు రాయుము అని మరొక ప్రశ్న. పదికి పది మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని ఇందాకటి బొమ్మ గీయమనండి. ఆకాశంలో ఉపగ్రహం యథాతథంగా ఉంటుంది. పూర్తి రూపాలు నోటికి వచ్చాయి. లోపలి బొమ్మను ఎవరూ తాకలేదు. ఉపాధ్యాయులను తప్పు పట్టాలని నాకు లేదు. సిలబసు పూర్తి చేయాలి, కంప్యూటర్లు ఉన్నచోట కరెంటు ఉండదు, కరెంటు ఉన్నచోట నెట్ ఉండదు. అయినా బొమ్మ గీయించడానికి ఒక కాగితం, పది నిమిషాలు చాలు. పాఠం చెప్పకముందే గీయించాలి. తప్పు బొమ్మను కొట్టివేయకుండా గోడకు అంటించాలి. నెల తర్వాత అదే పిల్లవాడు తన బొమ్మ పక్కన నిలబడి ఎక్కడ, ఏ ఆధారంతో మనసు మార్చుకున్నాడో చెప్పాలి. దానికి మార్కులు వేయాలి.

తప్పు బొమ్మలను ఎవరూ అడిగి చూడకపోతే ఏమవుతుందో 2020లో బ్రిటన్‌లో తెలిసింది. 5జీ తరంగాలు కరోనాను వ్యాపింపజేస్తున్నాయని నమ్మి డజన్ల కొద్దీ టవర్లకు నిప్పు పెట్టారు. మన దగ్గర కూడా అదే పుకారు లేచి, 2021 మే 10న కేంద్ర టెలికాం శాఖ ప్రకటన చేయవలసి వచ్చింది. అప్పటికి మన దేశంలో 5జీ పరీక్షలు ఎక్కడా మొదలే కాలేదు! తరంగం అంటే ఏమిటో, వైరస్ అంటే ఏమిటో విడివిడిగా పుస్తకాల్లో చదువుకున్నవారే ఆ పుకారును ఫోన్లలో పంచుకున్నారు.

ఇక మీ బొమ్మ దగ్గరికి వద్దాం. దాన్ని చించివేయకండి. పక్కన రెండోది గీయండి. మీ ఇంటికి దగ్గరి టవరు ఎక్కడుందో చూసి గుర్తు పెట్టండి. దాని మీద డోలు వంటి యాంటెన్నా ఉన్నదా, ఉంటే ఏ దిక్కుకు తిరిగి ఉంది? రోడ్డు పక్కన కేబుల్ రాళ్లు ఏ వైపున ఉన్నాయి? చిట్యాల ఇప్పుడు మున్సిపాలిటీ. మీది చుట్టుపక్కల పల్లె అయితే పంచాయతీ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ గోడకు ఒక చిన్న పెట్టె, దానిలోకి దూరే సన్నని పసుపు తీగ ఉండవచ్చు. పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అని రాసినచోట ఎర్రదీపం మిణుకుతుంటే, తంతువులోంచి వెలుతురు అందడం లేదన్నమాట. ఎన్నాళ్ల నుంచి అట్లా ఉన్నదో కార్యదర్శి గారిని అడిగి, తేదీతో సహా మీ రెండో బొమ్మలో ఆ పెట్టె కింద రాసుకోండి.